కవిలెకట్టయు, అవ్వ మాటయు

తన తాతముత్తాతలెవరో తెలిసికొనగోరుట మానవునకు సహజము. ఆ కోరికకు గర్వము తోడైనచో వంశావళి స్తోత్రపాఠమగును. సత్యాపేక్ష తోడైనచో చరిత్రమగును. ఈ భేదమును చక్కగ తెలిసికొనుటకు మెక్సికో దేశపు వంశచరిత్రలను పరిశీలింపవలెనని మా యభిప్రాయము. ఆ దేశము నేలిన స్పెయినువారు మూడువందల యేండ్లు మనుష్యులను పుట్టుకనుబట్టి తరగతులుగ విభజించి, ఆ తరగతి పేరును శిశువు జ్ఞానస్నానము పొందిననాడే చర్చి పుస్తకమున నెక్కించుచుండిరి. అందుచే అచ్చట తన వంశమును వెదకువానికి సమాజపు గాయములు కూడ తగులకపోవు. స్పెయిను దొర పేరు దొరకినంతనే పొంగిపోయి, ఆఫ్రికానుండి తేబడిన బానిస పేరు దొరకినప్పుడు పుస్తకము మూసివేయువాడు వెదకినది వంశమును కాదు, అలంకారమును.

ఈ దృష్టితో మేము గొన్సాలో అగిర్రె బెల్ట్రాన్ పండితుని రెండు గ్రంథములను గూర్చి యిచట విచారింప దలచితిమి. ఈయన 1908లో వేరాక్రూజ్ రాష్ట్రమున జన్మించి, వైద్యవిద్య నభ్యసించి, పిమ్మట మానవశాస్త్రమున ప్రసిద్ధికెక్కి 1996లో గతించెను. 1946లో వెలువడిన “మెక్సికోలోని నల్లజాతి ప్రజ” కవిలెకట్టలనుండి పుట్టినది. 1958లో వెలువడిన “క్విహ్లా” పసిఫిక్ తీరమునందలి క్వాహినిక్విలాప గ్రామమున కేగి, చూచి, విని వ్రాసినది. ఒకే పండితుడు మొదట కాగితమును, తరువాత మనుష్యులను ప్రశ్నించెను గనుక, వంశాన్వేషణమునకు గల రెండు సాక్ష్యముల బలాబలములు ఈ రెండు గ్రంథములవలన మనకు తెలియును.

మొదటి గ్రంథము చేసిన మేలు సామాన్యము కాదు. మెక్సికో జాతి స్పెయినువారును, అచ్చటి ఆదివాసులును కలియగా పుట్టినదని పాఠశాలలయందు బోధించుచుండిన కాలమది. ఈయన జాతీయ దస్తరశాలలోని మతవిచారణసభ కాగితములను, బానిసవ్యాపారపు పత్రములను తిరుగవేసి, మూడవ పాయ యొకటి కలదని నిరూపించెను. 1570లో ఆ దేశమున ఐరోపావారు 6,644 మంది యుండగా ఆఫ్రికావారు 20,569 మంది యుండిరని ఆయన లెక్క. ఇవి అంచనాలే. అయినను, దొరలకంటె బానిసలే హెచ్చుగ నుండిన దేశములో బానిసల సంతతి యంతయు ఏమైనది యను ప్రశ్న ఆ లెక్కతో తప్పనిసరియైనది.

ఇక ఆ కవిలెల స్వభావ మెట్టిది? 1563లో ముగిసిన ట్రెంట్ మహాసభ శాసనముచే ప్రతి చర్చియు జ్ఞానస్నానములకును, వివాహములకును పుస్తకముల నుంచవలసివచ్చెను. మెక్సికోలో అనేక చర్చిలయందు స్పెయినువారి కొకటి, ఆదివాసుల కొకటి, సంకరజాతులవారి కొకటిగ పుస్తకములు వేఱుగ నుండెడివి. పాదిరి శిశువు మొగము చూచియో, తలిదండ్రులు చెప్పినది వినియో, ఊరివారి మాట నమ్మియో తరగతి వ్రాయును. ఒక్కని పేరే జ్ఞానస్నానమునాడు ఒక తరగతిలోను, వివాహమునాడు వేఱొక తరగతిలోను కనబడుట కలదు. స్వాతంత్ర్యవీరుడు హోసే మరియా మొరేలోస్ 1765లో జ్ఞానస్నానము పొందినప్పుడు, ఆయన తలిదండ్రులు స్పెయినువారని పుస్తకమున వ్రాయబడెను. ఆయనలో ఆఫ్రికా రక్తము కలదను ప్రతీతియో, ఈనాటికిని పోలేదు. కాగితము ప్రభుత్వపు ముద్ర గలది గనుక సత్యమేయని నమ్ముట అమాయకత్వము. అది యొక వ్రాతగాని మాట. ఆ మాట ఎవరి యెదుట, ఏ లాభనష్టములను తలచి చెప్పబడెనో విచారింపవలెను.

ఇచట చదువరులు గమనింపదగిన విశేష మొకటి కలదు. కాగితమనియు నోటిమాటయనియు మనము వేఱుచేయుచున్నాము గాని, ఆ కవిలెలలో మిక్కిలి విలువగలవి నోటిమాటలే. వివాహమునకు ముందు వధూవరులెవరో, ఎచ్చటనుండి వచ్చిరో తెలిసినవారిని పిలిపించి సాక్ష్యము పుచ్చుకొనుచుండిరి. 1571లో స్థాపింపబడిన మతవిచారణసభ తన యెదుటికి వచ్చిన ముద్దాయిని మొదట తలిదండ్రుల పేర్లు, పితామహ మాతామహుల పేర్లు, పినతండ్రులు, మేనమామలు, భార్యాబిడ్డల పేర్లు వరుసగ చెప్పుమనుచుండెను. ఆదివాసులు ఆ సభ అధికారమునకు లోబడినవారు కారు. నల్లవారును, వారి సంకరసంతతియు లోబడినవారే. కావున చదువురాని బానిస తన యవ్వ పేరును స్వయముగ పలికిన తావు, ఆమెను శిక్షింప సిద్ధపడిన న్యాయస్థానమే యైనది. ఎంత దుఃఖకరమైన మార్గమున ఒక వంశము మనకు దక్కినది!

అట్టి సాక్ష్యములలో మన దేశపువారును గలరు. మనీలానుండి అకాపుల్కోకు వచ్చు ఓడలలో తేబడిన ఆసియా బానిసల నందరిని మెక్సికోవారు “చీనో” యనిరి. అందు హిందూదేశమువారును ఉండిరి. కాతరీన దె సాన్ హ్వాన్ అను నామె హిందూదేశమున పుట్టి, చెరపట్టబడి, మనీలాలో అమ్మబడి, పువేబ్లా పట్టణమును చేరి 1688లో మరణించెను. ఆమె చెప్పిన మాటలు విని పాదిరి యొకడు విపులమైన చరిత్ర వ్రాసెను. దానిని పిమ్మట మతవిచారణసభయే నిషేధించెను. కాలక్రమమున ప్రజ ఆమెను “పువేబ్లా చీనా” యను పేరుగల యొక రంగుల వేషముతో కలిపివేసినది. ఆ వేషము తరువాతి కాలపుది. కావున కవిలెలో “చీనో” యని చూచి చైనాదేశమునకు పరుగెత్తువాడును, వేషమును చూచి చరిత్ర యనుకొనువాడును సమానముగ మోసపోవుదురు.

1822లో స్వతంత్ర మెక్సికో ప్రభుత్వము చర్చి పుస్తకములలో పుట్టుకనుబట్టి తరగతి వ్రాయరాదని శాసించెను. సంస్కారప్రియులమైన మనము దీనిని మెచ్చుకొనక తప్పదు. కాని ఆ సత్కార్యమే మఱియొక మఱపునకు తెర దించినది. తరగతి పేరు పోయినంతమాత్రమున చిన్నచూపు పోలేదు. ఆ చిన్నచూపు పడినవారి జాడ మాత్రము కాగితమునుండి తొలగినది. 1921 జనాభా లెక్కలలో ఆదివాసులు, మిశ్రములు, తెల్లవారు అను వర్ణనలుండెను గాని నల్లవారికి తావు లేదు. అప్పటినుండి ఆ వంశములకు మిగిలిన యాధారము ముఖ్యముగ ముసలివారి జ్ఞాపకమే.

ఆ జ్ఞాపకము చెప్పునదేమి? గెర్రేరో, వహాక రాష్ట్రముల తీరమునందలి నల్లవారి గ్రామములలో ఒక కథ వాడుకలో నున్నది. పూర్వమొక యోడ తీరమున పగిలినదట. అందుండి ఈదుకొని బయటపడినవారే తమ పూర్వులట. వారు ఎవరికిని బానిసలు కారట. దస్తరములు చెప్పునది వేఱు. స్పెయిను దొరల పశువులమందలను కాయుటకు తేబడినవారును, యజమానులను విడిచి పారిపోయి వచ్చినవారును అచ్చట స్థిరపడిరని అగిర్రె బెల్ట్రాన్ వ్రాసెను. కథ అసత్యమని త్రోసివేయవచ్చునా? ఓడ పగిలిన సంగతి రుజువు కాకపోవచ్చును. కాని “మేము అమ్ముడుపోయినవారము కాము” అను తలంపు అచ్చటివారి హృదయమున నున్నదనుటకు ఆ కథకంటె వేఱు సాక్ష్య మక్కరలేదు. సంకెళ్ల సంగతి కాగితమువలన తెలియును. వానిని మనుమలకు చూపగూడదని దాచిన యభిమానము కథవలన తెలియును. వంశచరిత్రకు రెండును కావలయును.

ఇచటనే మాకు అగిర్రె బెల్ట్రాన్ గారితో భేదాభిప్రాయము. కవిలెలను చదువుటలో ఆయన చూపిన యోర్పు మనుష్యులను వినుటలో చాలలేదని తోచుచున్నది. “క్విహ్లా”లో గుండ్రని యిండ్లు, వివాహపద్ధతులు, జంతురూపమగు ఆత్మనుగూర్చిన నమ్మకము మొదలగునవి చక్కగ వర్ణింపబడినవి. అయినను గ్రామస్థుల మాటకంటె గ్రంథకర్త మాటయే హెచ్చుగ వినవచ్చుచున్నది. వారు తమ్ము “మొరేనో” లని చెప్పుకొందురు. ఆయన తాను కల్పించిన “ఆఫ్రో మెస్తీసో” యను పేరుతో వ్యవహరించెను. పైగా నల్లజాతి మిశ్రమములో లీనమై పోవుచున్నదని ఆయన తలచెను. దానికి కాలమే యుత్తరమిచ్చినది. 2019లో మెక్సికో రాజ్యాంగము ఆఫ్రికా సంతతి ప్రజలను గుర్తించెను. 2020 జనాభా లెక్కలలో 25,76,213 మంది తాము ఆ సంతతివారమని చెప్పుకొనిరి. లీనమైనవారు ఇంతమంది యెట్లు బదులు పలికిరి? అడుగువారు లేకపోవుటయే ఇంతకాలపు మౌనమునకు ముఖ్యకారణమని మేము తలంచుచున్నాము.

అడుగుటకును పద్ధతి కలదు. 1970ల దశకమున ఆ దేశపు మానవశాస్త్ర చరిత్ర సంస్థవారు సపాతా సైన్యమున పోరాడిన వృద్ధుల మాటలను యంత్రములతో పట్టి భద్రపరచిరి. కుటుంబములవారును అట్లే చేయవచ్చును. ముందుగ ఇంటిలోని మిక్కిలి ముసలి స్త్రీ యొద్ద కూర్చుండవలెను. మనకు తెలిసినది ఆమె నోట పెట్టక, ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనవలెను. మెక్సికోలో ప్రతివానికిని తండ్రి యింటిపేరును, తల్లి యింటిపేరును రెండును ఉండుట వెదకువానికి గొప్ప యుపకారము. తల్లివైపు దారి మూసికొనిపోదు. పిమ్మట 1859లో హువారెస్ ప్రభుత్వము నెలకొల్పిన పౌర రిజిస్టరులను, అటుపిమ్మట చర్చి పుస్తకములను చూడవలెను. 1926 మొదలు 1929 వఱకు ప్రభుత్వమునకును చర్చికిని కలిగిన కలహమువలన బహిరంగపూజలు నిలిచిపోయి, జ్ఞానస్నానములు ఇండ్లలో రహస్యముగ జరిగెను. ఆ యేండ్ల చర్చి పుస్తకములలో పేరు లేకున్నంతమాత్రమున సంస్కారము జరుగలేదనరాదు. ఏ యింట, ఏ రాత్రి జరిగినదో అవ్వయే చెప్పగలదు. “తండ్రి తెలియదు” అని పుస్తకములో నున్నచో, అది తల్లికి కళంకమని తలవంచుకొనుట తగదు. ఆమెకు తెలియకపోలేదు, వ్రాయుట కొప్పుకొనని పురుషు డొకడుండవచ్చునని మొదట అనుమానింపవలెను.

అగిర్రె బెల్ట్రాన్ గ్రంథములను మేము లోపములు చూపియు మెచ్చుకొనుచున్నాము. వంశమున దాచబడిన బానిస యెవరో వెదకుటకు దారి చూపిన గ్రంథములవి. ఆ దారిలో నడచువారు కవిలెను అవ్వమాటతోను, అవ్వమాటను కవిలెతోను సరిచూచి, రెండును కలియని చోట తొందరపడక నిలిచి, ఎవరి సిగ్గు, ఎవరి భయము అచ్చట పనిచేసినదో విచారింతురు గాక. పూర్వులలో గొప్పవా డొకడుండుటవలన మనకు కొత్తగ వచ్చు గౌరవ మేమియు లేదు. అవమానము పాలైన యవ్వ పేరును బిడ్డల యెదుట తలయెత్తి పలుకగలుగుటయే వంశమునకు గౌరవము. ఈ పాఠము మెక్సికోవారికి మాత్రమే పరిమితమా యనునది చదువరులే తమ యిండ్లలో ఆలోచించుకొందురని నమ్ముచున్నాము.