కూర్పు వేరు, నిర్మాణం వేరు: అంబాసిడర్ కారుపై ఒక విమర్శ

2014 మే నెలలో రెండు సంఘటనలు జరిగినవి. కలకత్తా సమీపాన ఉత్తరపారాలో హిందూస్తాన్ మోటార్సు వారు అంబాసిడర్ కారు ఉత్పత్తిని నిలిపివేసినారు. అదే నెలలో హైదరాబాదు మెట్రోకు చెందిన మొదటి రైలు కొరియా నుండి ఓడ మీద వచ్చి ఉప్పల్ డిపోకు చేరినది. ఒకటి ముగింపు, ఒకటి ఆరంభం. పైకి చూచిన ఈ రెండింటికీ సంబంధం కనిపించదు. కాని ఆ రైలును నిర్మించిన హ్యుందాయ్ రోటెమ్, హ్యుందాయ్ మోటారు సమూహంలోనిది. ఆ మోటారు సంస్థ 1968లో ఉల్సాన్ పట్టణంలో తన మొదటి కారును తయారుచేసినది. అది సొంత కారు కాదు. బ్రిటన్ నుండి విడిభాగాలుగా తెప్పించి కూర్చిన ఫోర్డ్ కార్టినా. అంబాసిడర్ కూడ బ్రిటిష్ కుటుంబాల కొరకు రూపొందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారే. ఒకే బడిలో అక్షరాభ్యాసం చేసిన ఇద్దరిలో ఒకరు రైళ్లు ఎగుమతి చేసే స్థితికి వచ్చినారు, మరొకరు తలుపులు మూసుకున్నారు. దీనికి కారణమేమి?

అంబాసిడర్‌ను గురించి రెండు తీర్పులు వాడుకలో ఉన్నవి. రాతిబండ వంటి కారు, ఏ గోతిలో పడినా లేచి వచ్చును, ఏ ఊరి మెకానిక్కు అయినా బాగుచేయగలడు అని మొదటి తీర్పు. ఆంగ్లేయులు వదలివేసిన పాత సామానును అర్ధశతాబ్దం మనకు అంటగట్టినారని రెండవది. మొదటిది అభిమానం, రెండవది ఆగ్రహం. బానెట్టు ఎత్తి ఇంజనును పరిశీలించినచో రెండూ అసంపూర్ణమని తెలియును.

1957లో వెలువడిన అంబాసిడర్‌లో మొదట ఉన్నది పక్క కవాటాల ఇంజను. అందులో కవాటాలు సిలిండరు పక్కన ఉండును. కాబట్టి దహన గది పక్కకు సాగి, ఇంధన మిశ్రమాన్ని గట్టిగా అదిమి మండించుటకు అనువుగా ఉండదు. 1959లో దాని స్థానంలో పై కవాటాలు గల 1,489 ఘన సెంటీమీటర్ల ఇంజను వచ్చినది. ఇది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-శ్రేణికి చెందినది. సామర్థ్యం 55 అశ్వశక్తి. ఆ కాలానికి ఇది నాసిరకం ఇంజను ఎంతమాత్రం కాదు. అయితే బ్రిటన్‌లో ఆ మోరిస్ నమూనా 1959లోనే ఆగిపోయి, దాని స్థానంలో కొత్తది వచ్చినది. ఇక్కడ ముందు జాలీ, దీపాలు, డాష్‌బోర్డు మారుతూ మార్కు 2, మార్కు 3, మార్కు 4 అనే పేర్లు వచ్చినవి. 1980లో వచ్చిన డీజిలు ఇంజను కూడ అదే బి-శ్రేణి సంతతి.

ఇదే ఇంజను జపానులో ఏమయినదో చూడవలెను. 1952లో నిస్సాన్ సంస్థ ఆస్టిన్ కంపెనీతో ఒప్పందం చేసుకొని, ఆస్టిన్ కార్లను విడిభాగాలుగా తెప్పించి కూర్చుట మొదలుపెట్టినది. మూడేళ్లలో అన్ని భాగాలనూ స్వదేశంలోనే తయారుచేయవలెనని ఒప్పందంలోని నియమం. వారు దానిని నెరవేర్చినారు. తరువాత వారికి ఒక చిన్న కారు కొరకు ఒక లీటరు ఇంజను కావలసి వచ్చినది. అప్పుడు సలహాదారుగా ఉన్న డోనాల్డ్ స్టోన్ అనే అమెరికన్ ఇంజనీరు, కొత్త ఇంజను అక్కరలేదు, ఉన్న ఆస్టిన్ ఇంజను స్ట్రోకును కుదించండి అన్నాడు.

ఈ సలహాలోని గణితం హైస్కూలు విద్యార్థికి అందనిది కాదు. స్థూపం ఘనపరిమాణం కావలెనన్న, వ్యాసార్థపు వర్గాన్ని పై చేతను, ఎత్తు చేతను గుణించవలెను. బి-శ్రేణిలో సిలిండరు వ్యాసం సుమారు 73 మిల్లీమీటర్లు. పిస్టను పైనుండి కిందికి ప్రయాణించే దూరమే స్ట్రోకు. అది సుమారు 89 మిల్లీమీటర్లు. నాలుగు సిలిండర్లకు లెక్కించిన సుమారు 1,490 ఘన సెంటీమీటర్లు వచ్చును. వ్యాసాన్ని ముట్టుకొనక స్ట్రోకును మాత్రం 59 మిల్లీమీటర్లకు తగ్గించినచో 988 వచ్చును. 1957 నాటి డాట్సన్ 210 కారులోని ఇంజను సరిగా ఇదే. క్రాంకు షాఫ్టు మెలిక కేంద్రం నుండి ఎంత దూరాన ఉండునో, స్ట్రోకు దానికి రెట్టింపు. కాబట్టి ముఖ్యంగా మారవలసినది ఆ మెలిక. సిలిండర్లు తొలిచే యంత్రాలు అవే పనికివచ్చినవి. స్ట్రోకు తగ్గినందున అదే వేగాన తిరుగుతున్నప్పుడు పిస్టను పరుగు తగ్గి, ఇంజను మరింత చురుకుగా తిరుగగలిగినది. మరుసటి సంవత్సరమే డాట్సన్ 210 ఆస్ట్రేలియా చుట్టివచ్చే కార్ల పోటీలో తన తరగతిలో గెలుపొందినది.

ఇప్పుడు ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడల వంటి చోట్ల చిన్న షెడ్లలో జరిగే పనిని తలచుకొనవలెను. చాలాకాలం నడిచిన ఇంజనులో సిలిండరు గోడ సమంగా అరగదు. పిస్టను ఒత్తిడి పడే వైపున, పై రింగు ఆగే చోట ఎక్కువ అరిగి, గుండ్రని రంధ్రం కోడిగుడ్డు ఆకారం పొందును. పనివాడు దానిని తిరిగి గుండ్రంగా తొలిచి, ఓవర్‌సైజు పిస్టన్లు వేయును. అంగుళంలో వెయ్యింట నలభై వంతులు తొలిచినచో వ్యాసం ఒక మిల్లీమీటరు పెరిగి, 1,489 ఘన సెంటీమీటర్ల ఇంజను సుమారు 1,531 అగును. స్టోన్ మార్చినది సూత్రంలోని ఎత్తును. లేతు పనివాడు మార్చినది వ్యాసాన్ని. సూత్రం ఒక్కటే, చేతి నేర్పుకు ఇక్కడ లోటు లేదు. తేడా ఎక్కడనగా, జపానులో మార్పు నమూనా పటం మీద జరిగినది; ఇక్కడ ఒక్కొక్క అరిగిన ఇంజను మీద జరిగి, అక్కడితో ఆగిపోయినది. ఏ భాగం ముందుగా అరుగునో, ఏ ఎండకు, ఏ దుమ్ముకు ఏది చెడునో షెడ్డులోని పనివానికి తెలిసినది. ఆ తెలివి పటం గీసే బల్ల దాకా చేరి ఇంజనును మార్చిన దాఖలా అంబాసిడర్ చరిత్రలో కనిపించదు.

స్వదేశీకరణ జరుగలేదని అనుట మాత్రం అన్యాయం. ఉత్పత్తి ప్రణాళిక లేక కూర్పుతోనే సరిపెట్టుకొనే సంస్థలకు తావు లేదని 1953లో ప్రభుత్వం నిర్ణయించగా ఫోర్డ్, జనరల్ మోటార్స్ కంపెనీలు వెళ్లిపోయినవి. మిగిలినవారు భాగాలను ఇక్కడే చేయనేర్చినారు. విమర్శ నిలువవలసినది ఇక్కడనే. ఒక యంత్రంలో నూటికి ఎన్ని పాళ్లు స్వదేశీ భాగాలున్నవని లెక్కించుటకు మనం అలవాటుపడినాము. ఆ లెక్క ప్రకారం అంబాసిడర్ పరీక్షలో ఉత్తీర్ణమైనదే. కాని కొలవవలసినది మరొకటి ఉన్నది: ఆ యంత్రంలో ఒక్క కొలతనైనా మార్చి, మార్పు ఫలితాన్ని ముందుగా లెక్కకట్టి చెప్పగలవారు ఇక్కడ ఎందరున్నారు?

విదేశీ కార్లను రానీయక తలుపు మూయుటయే కారణమని కొందరు అందురు. జపాను కూడ ఆ రోజులలో తలుపు మూసినదే. కాని ఆ గదిలో పలు సంస్థలు ఒకదానితో ఒకటి పోటీపడినవి, ఎగుమతిపై కన్ను వేసినవి. ఇక్కడ లైసెన్సు మితమైన సంఖ్యకే దొరికినది. కొనేవారు ఏళ్ల తరబడి వరుసలో నిలిచినారు. వేచియున్న గిరాకీ ముందు ఇంజనును మార్చవలసిన అగత్యం ఏ వ్యాపారికి కలుగును? 1983 చివర మారుతి 800 వచ్చిన తరువాతనే ఆ అగత్యం కలిగినది.

అప్పుడు జరిగినది గమనింపదగినది. 1990ల ఆరంభంలో అంబాసిడర్‌కు 1.8 లీటర్ల ఇసుజు ఇంజను అమర్చినారు. ఆ ఇసుజు 1953లో హిల్‌మన్ మింక్స్ అనే బ్రిటిష్ కుటుంబ కారును విడిభాగాలతో కూర్చి పని నేర్చిన సంస్థ. హైదరాబాదు ఆల్విన్ 1980లలో జహీరాబాదులో తేలిక వాణిజ్య వాహనాల తయారీకి సహకారం కోరినది నిస్సాన్‌ను. తోటి విద్యార్థులే మన ఇంటికి ఉపాధ్యాయులై వచ్చినారు.

ఉప్పల్ డిపోలో నేడు మెట్రో రైళ్లకు నిర్వహణ జరుగుచున్నది. అది చిన్న పని కాదు. అయినను అంబాసిడర్ అడిగిన ప్రశ్నే అక్కడా నిలిచి ఉన్నది. ఏది అరిగినదో, ఎందుకు అరిగినదో అన్న తెలివి మరమ్మతు పుస్తకంలోనే ఉండునా, లేక పటం దాకా పోవునా? పాలిటెక్నిక్కులలో, ఐ.టి.ఐ.లలో పాత ఇంజనును విప్పి తిరిగి బిగించుటతో పాఠం ముగించరాదు. ఒక్క కొలతను మార్చిన సామర్థ్యం, వేడి, అరుగుదల ఎట్లు మారునో లెక్కగట్టి చెప్పమని విద్యార్థిని అడుగవలెను. దానికి ఖరీదైన ప్రయోగశాల అక్కరలేదు. మూలన పడియున్న ఒక అంబాసిడర్ ఇంజను, ఒక పలక చాలును.