అల విరగని చోటు

లక్డీకాపూల్ నుంచి ఏ సముద్రపు ఒడ్డుకు వెళ్లాలన్నా రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్లకు తగ్గదు. అయినా ఎండాకాలం సెలవులు వచ్చాయంటే ఇక్కడి అపార్ట్‌మెంట్లలో బీచ్ మాట తప్ప మరో మాట వినపడదు. కారున్నవాళ్లు బాపట్ల దగ్గరి సూర్యలంకకు పోతారు. తీరిక ఉన్నవాళ్లు నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖకు పోతారు. ఈ మధ్య వీళ్ల సామానులో మడిచి పెట్టుకునే ఫిషింగ్ రాడ్డు ఒకటి చేరింది. గాలి నింపే కయాక్ కొన్నవాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఉన్న కొడుకులు, అల్లుళ్లు పంపే వీడియోల చలవ కావచ్చు. చిన్న పడవలో ఒంటరిగా కూర్చుని, అలలు దాటి వెళ్లి గాలం వేయడం మనకు కొత్త సరదా. మన ఒడ్డున ఉన్న జాలరులకు, వాడబలిజలకు, పల్లెకారులకు మాత్రం అది తాతల నాటి బతుకుతెరువు. వాళ్ల కయాక్ పేరు తెప్ప.

దాన్ని చూడాలంటే వేసవే సరైన కాలం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా ఇంజన్ పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ విరామం. 2015కు ముందు అది 47 రోజులే ఉండేది. తెడ్డుతో, తెరచాపతో నడిచే సంప్రదాయ పడవలకు ఈ నిషేధం వర్తించదు. అంటే పిల్లల సెలవులూ, మరబోట్ల సెలవులూ దాదాపు ఒకేసారి వస్తాయి. మర పడవలన్నీ రేవులో లంగరేసి ఉన్న ఆ రెండు నెలలూ సముద్రం మళ్లీ తెడ్డు చేతికొస్తుంది. ఇంకో తమాషా ఏమిటంటే, జూన్ మొదట్లో మృగశిర కార్తె నాడు హైదరాబాదు మొత్తం చేపల కోసం రామ్‌నగర్ మార్కెట్టు మీద పడుతుంది. ఆ రోజుకు నిషేధం ఇంకా ముగియదు. అందుకే ఆనాటి మన పళ్లేల్లో కొర్రమీను, రవ్వ లాంటి మంచినీటి చేపలదే పెత్తనం.

తెప్పను మొదటిసారి చూసినవాళ్లకు ఇదేం పడవ అనిపిస్తుంది. తేలికపాటి దుంగల్ని నాలుగైదు పక్కపక్కన చేర్చి, ముందు కొసన ముక్కు పైకి లేచేలా చెక్కి కట్టేది. లోపలంటూ ఏమీ ఉండదు, కాబట్టి నీళ్లు నిండవు. అల మీద పడితే పైనుంచి కారిపోతుంది, దుంగల సందుల్లోంచి జారిపోతుంది. బోల్తా పడినా మునగదు, తిరగేసి మళ్లీ ఎక్కడమే. ఇప్పుడు బీచ్‌లలో అద్దెకిచ్చే ప్లాస్టిక్ కయాకుల్లో, పైన కూర్చునే రకానికి అడుగున నీళ్లు పోయే రంధ్రాలు పెట్టి గొప్పగా చెప్పుకుంటారు. తెప్ప ముందు నుంచీ అంతే. మద్రాసు ప్రభుత్వ మత్స్యశాఖ డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల మీద వెలువరించిన పరిశోధనలో తమిళ తీరపు కట్టుమరాన్నీ, గంజాం, విశాఖ తీరపు తెప్పనూ వేర్వేరు రకాలుగా వివరించాడు. తమిళ తీరంలో తాళ్ల కట్టు ప్రధానం. మన ఉత్తర తీరంలో దుంగల్ని చెక్క మేకులతో బిగించి పడవ ఆకారం తెచ్చేవాళ్లు. వేట నుంచి రాగానే దుంగల్ని విడదీసి ఇసుక మీద ఆరబెట్టడం వాడుక. నీళ్లు పీల్చిన కర్ర బరువెక్కుతుంది, మర్నాడు తేలికగా తేలదు.

ఈ తీరానికి ఇలాంటి పడవ ఎందుకంటే, మనకు సహజమైన రేవులు తక్కువ. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం వంటి కొన్ని చోట్లు తప్పిస్తే మిగతా ఊళ్లన్నీ ఇసుక ఒడ్డు నుంచి నేరుగా సముద్రంలోకి దిగవలసినవే. ఆ ఒడ్డుకూ లోసముద్రానికీ మధ్య అలలు విరిగే పట్టీ ఒకటి ఉంటుంది. వెడల్పు వంద గజాలో, రెండు వందల గజాలో. అసలు విద్య అంతా ఆ పట్టీని దాటడంలోనే ఉంది.

అల ఎక్కడ విరుగుతుందో చూస్తే అడుగున ఏముందో తెలుస్తుంది. నీటి లోతు అల ఎత్తుకు దాదాపు ఒకటింబావు రెట్లకు తగ్గగానే అల నిలబడలేక ముందుకు కూలుతుంది. మీటరు ఎత్తు అల ఒకచోట తెల్లగా నురగలు కక్కిందంటే, అక్కడ లోతు మీటరుంబావో, కొంచెం ఎక్కువో. అడుగున ఇసుక తిన్నె ఉందన్నమాట. అటూ ఇటూ తెల్లగా విరుగుతూ మధ్యలో ఒక సందు మాత్రం నల్లగా, నిమ్మళంగా కనిపించిందంటే అక్కడ తిన్నె తెగి, లోతైన కాలువ పడిందని అర్థం. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి వెళ్లేది ఆ కాలువ గుండానే.

తెప్పవాడికి ఆ సందు గుమ్మం. అలల దెబ్బ తక్కువ, పైగా నీళ్లే బయటికి తోస్తాయి. ఒడ్డు నుంచి గాలం వేసేవాడికి అదే చేపల దారి. తిన్నెల మీద అలలు ఇసుకను కలియబెట్టినప్పుడు లేచిన చిన్న చిన్న జీవాలు ఆ కాలువలోకి కొట్టుకొస్తాయి, వాటి కోసం గొరకలు, మాగలు, జెల్లలు కాచుకుంటాయి. ఇక హైదరాబాదు నుంచి వచ్చిన కుటుంబానికి అదే స్నానానికి అనువైన చోటులా కనిపిస్తుంది. అలలు లేవు, పిల్లలకు భయం లేదు అనుకుంటారు. రిప్ కరెంట్ అనేది దాన్నే. సెకనుకు రెండు మీటర్ల వేగం కూడా అందుకోగల ఆ ప్రవాహానికి ఎదురీదడం ఎంతటి ఈతగాడికైనా సాధ్యం కాదు. సూర్యలంకలో, విశాఖ ఆర్కే బీచ్‌లో ఏటా పేపరుకెక్కే విషాదాల వెనుక చాలాసార్లు ఉండేది ఈ నిమ్మళమైన నీరే. అందులో పడితే ఒడ్డు వైపు కాకుండా ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదాలి. ఆ ప్రవాహం దాటేదాకా పక్కకు తప్పుకుంటే అలలే మళ్లీ లోపలికి తెస్తాయి. ఈ ఒక్క సంగతి పిల్లలకు నేర్పకుండా బీచ్‌కు తీసుకెళ్లడం నా దృష్టిలో నేరం.

గుమ్మం దొరికాక కాలం చూసుకోవాలి. అలలు గుంపులుగా వస్తాయి. పెద్దవి కొన్ని వరుసగా వచ్చి, తర్వాత కాసేపు తెరిపి ఇస్తాయి. తెప్పవాళ్లు మోకాలి లోతు నీళ్లలో తెప్పను పట్టుకుని, తొందరపడకుండా నిలబడేది ఆ తెరిపి కోసమే. చివరి పెద్ద అల దాటగానే తోసి, ఎగిరి ఎక్కి, మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వేస్తారు. ముక్కు ఎప్పుడూ అలకు ఎదురుగానే ఉండాలి. అడ్డం తిరిగిందా, దొర్లడం ఖాయం. తిరిగి రావడం ఇంకా కష్టం. అల ముందు భాగంలో జారుతూ వస్తే ముక్కు నీళ్లలో గుచ్చుకుని తలకిందులవుతుంది. అందుకే ఒక అలను ముందుకు పోనిచ్చి, దాని వీపు మీద, వెనకాలే వస్తారు. కయాక్ నేర్పే విదేశీ శిక్షకులు చెప్పే మొదటి పాఠం కూడా ఇదే.

బయటికి వెళ్లాక చేపలున్న చోటు తెలిసేదెలా? విశాఖ తీరంలో కొండలున్నాయి. యారాడ కొండ ఒక వైపు, కైలాసగిరి ఇంకో వైపు ఏ గుర్తుతో కలుస్తున్నాయో చూసుకుని, నిన్నటి చోటుకే ఇవాళ వెళ్లగలరు. చదునైన బాపట్ల తీరంలో ఆ వసతి లేదు. సరుగుడు తోటలు, గుడి గోపురాలు, తాడు వదిలితే ఎన్ని బారల లోతు వచ్చిందన్న లెక్క, ఇవే ఆధారం. నీటి రంగు మారిన గీత, పక్షులు వాలే చోటు, ఉపరితలం మీద చిటపటలు, వీటిని కనిపెట్టే కన్ను తరాల మీద తయారైంది.

ఈ కన్ను చూసినదాన్నే సైన్సు వేరే దారిలో చూసింది. 1950ల తొలినాళ్లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, వానాకాలానికి ముందు నెలల్లో విశాఖ ఒడ్డున అడుగునున్న చల్లని నీరు పైకి తేలుతుందని గమనించి రాశాడు. ఆ నీటితో పోషకాలు వస్తాయి, వాటితో నాచు, దాని వెనక చిన్న చేపలు, వాటి వెనక పెద్దవి. ఇప్పుడు ఉపగ్రహాలు నీటి ఉష్ణోగ్రతనూ, నాచు రంగునూ చూసి చేపలుండే చోట్లు చెబుతున్నాయి. ఆ సమాచారం పంపే ఇన్‌కాయిస్ ఉన్నది మన ఊళ్లోనే, ప్రగతినగర్‌లో. 1999లో మొదలైన ఈ సంస్థే సునామీ హెచ్చరికలూ ఇస్తుంది. సముద్రం లేని నగరం నుంచి సముద్రానికి రోజూ కబురు వెళుతుందన్నది లక్డీకాపూల్‌లో ఎంతమందికి తెలుసో! నిషేధ కాలంలో చేపల జాడ సూచనలు ఆగుతాయి. అలల ఎత్తు సూచనలు మాత్రం ఆగవు. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపాను రేపిన అలలు కొన్ని రోజుల ప్రయాణం చేసి, ఇక్కడ గాలి లేని రోజున కూడా ఒడ్డును తాకగలవు. ఆకాశం బాగుందని సముద్రం బాగున్నట్టు కాదు.

ఒడ్డు మీదే జరిగే వేట అలివి వల. ఒక తాడు కొస ఒడ్డున వదిలి, పడవ మీద వలను అర్ధచంద్రాకారంగా దించుకుంటూ వెళ్లి, రెండో కొసను దూరంగా ఒడ్డుకు తెస్తారు. రెండు జట్లు చెరో తాడు లాగుతూ దగ్గరవుతాయి. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు మధ్యలోని సంచిలోకి చేరతాయి. వలకూ పడవకూ ఇంత, లాగిన ప్రతి మనిషికీ ఇంత అని పాళ్లు పంచుతారు. చూడముచ్చటైన పనే కానీ, సన్న కన్ను వలల్లో ఎదగని పిల్ల చేపలు కూడా వచ్చేస్తాయి. సంప్రదాయం కాబట్టి అంతా మంచిదే అని నేను అనను.

మీ రాడ్డుతో మీరే వేయాలంటే, పది పన్నెండడుగుల రాడ్డు, బరువు కోసం సీసం గుండు, ఎరగా తాజా రొయ్య చాలు. తెల్లవారుజామున, లేదా పొద్దు వాలాక, పోటు ఎక్కుతున్నప్పుడు ఆ నల్లటి సందు అంచున వేయండి. మోకాలి లోతు దాటకండి. జెల్ల వీపు ముల్లు, రెక్కల ముళ్లు విషం. టేకు చేప తోక కూడా అంతే, అందుకే నీళ్లలో పాదాలు ఎత్తకుండా ఈడుస్తూ నడవాలి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ముంచి, ఆస్పత్రికి పోవాలి. కయాక్‌లో వెళ్లేవాళ్లు లైఫ్ జాకెట్ లేకుండా అడుగు పెట్టొద్దు. లంగరును పక్కన కట్టొద్దు, కొసకే కట్టాలి.

కర్ర తెప్పలు ఇప్పుడు అరుదు. 1980ల నుంచి ఫైబర్ పడవలు వచ్చాయి, వెనకాల మోటారు వచ్చింది. ఎవరూ వాటిని తప్పు పట్టలేరు, శ్రమ తగ్గింది, దూరం పెరిగింది. అయితే మోటారు ఎంత ఉన్నా ఆ వంద గజాల పట్టీ మారలేదు, దాన్ని చదవగలిగినవాళ్లు పేటల్లో ఇంకా ఉన్నారు. మన పర్యాటక శాఖలు బీచ్‌లలో కయాక్ కేంద్రాలు పెడుతున్నప్పుడు ఆ పనిలోకి వాళ్లనే తీసుకోవాలి. కూలీలుగా కాదు, శిక్షకులుగా, శిక్షకుల జీతంతో. మీరూ ఈసారి వెళితే నీళ్లలో దిగకముందు ఒడ్డున తెప్ప ఆరబెడుతున్న పెద్దాయన దగ్గరకెళ్లి, "ఇక్కడ దిగొచ్చా బాబాయ్?" అని అడగండి. వద్దంటే దిగకండి.