బేగం బజార్‌లో ఆర్న్‌స్టీన్ నిచ్చెన: భాగస్వామ్య నగర ప్రణాళికపై విమర్శనాత్మక పరిశీలన

భాగస్వామ్య నగర ప్రణాళిక అనే మాటను మీరు ఇంతకుముందు యూనిట్లలో పలుమార్లు చదివారు. ఒక ప్రాంతం రూపురేఖలను నిర్ణయించేటప్పుడు ఆ ప్రాంత ప్రజలను కూడా ఆ నిర్ణయంలో కలుపుకోవడం అనేది దాని సామాన్యార్థం. అధికారి, రాజకీయ నాయకుడు, బిల్డరు, ఉద్యమకారుడు అందరూ ఈ మాటను ఒప్పుకుంటారు. ఇంతమంది ఒప్పుకునే మాట ఏదైనా ఉంటే విమర్శకుడు దానిని కాస్త అనుమానంతోనే చూడాలి. ఈ యూనిట్‌లో ఆ భావనకు ఆధారంగా చెప్పుకునే ఒక ప్రసిద్ధ వ్యాసాన్ని తీసుకొని, హైదరాబాద్‌లోని బేగం బజార్‌లో అది ఎంతవరకు నిలుస్తుందో పరిశీలిద్దాం.

నిచ్చెన అంటే ఏమిటి?

అమెరికాకు చెందిన షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో 'పౌర భాగస్వామ్యపు నిచ్చెన' అనే వ్యాసం రాశారు. పేదల వాడలను తొలగించి నగరాలను పునర్నిర్మించే ప్రభుత్వ పథకాలను దగ్గరగా చూసిన అనుభవం ఆమెది. ప్రజల భాగస్వామ్యాన్ని ఆమె ఎనిమిది మెట్లుగా విభజించారు. మభ్యపెట్టడం, 'చికిత్స' పేరుతో ప్రజలనే సరిదిద్దబోవడం అనేవి అడుగు మెట్లు. ఈ రెండూ అసలు భాగస్వామ్యమే కావని ఆమె అభిప్రాయం. తెలియజేయడం, సంప్రదించడం, బుజ్జగించడం నడిమి మెట్లు; ఇవి నామమాత్రపు భాగస్వామ్యం. జంటగా నిర్ణయించడం, అధికారాన్ని అప్పగించడం, పౌరులే నియంత్రించడం పై మెట్లు. అధికారం చేతులు మారనిదే భాగస్వామ్యం లేదన్నది ఆమె వాదన సారం.

ఈ వ్యాసం చేసిన మేలు చిన్నది కాదు. 'ప్రజలతో సమావేశం జరిపాం' అని ఏ సంస్థ అయినా చెప్పినప్పుడు, అది ఏ మెట్టు మీద జరిగిందని అడగడం మనకు నేర్పింది. ఉదాహరణకు, హైదరాబాద్ మాస్టర్ ప్లాన్లకు ఆధారమైన 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం ప్రకారం ముసాయిదాను ప్రకటించి, ప్రజల నుండి అభ్యంతరాలు, సూచనలు స్వీకరించాలి. నిచ్చెన మీద ఇది నాలుగో మెట్టు, అంటే సంప్రదించడం. చెప్పుకునే హక్కు ఉంది. చెప్పినది వినితీరాలన్న నిబంధన లేదు. ఇంతవరకు ఆర్న్‌స్టీన్ కొలబద్ద బాగా పనిచేస్తుంది. అసలు చిక్కు ఆ తరువాత మొదలవుతుంది.

బజారులో ప్రజలు ఎవరు?

మూసీకి ఉత్తరాన, అఫ్జల్‌గంజ్‌కు, ఉస్మానియా ఆసుపత్రికి చేరువలో ఉన్న బేగం బజార్ నగరంలోని పాత టోకు మార్కెట్లలో ఒకటి. రెండవ అసఫ్ జా అయిన నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం ఈ భూమిని వర్తకులకు ఇచ్చిందని, అందుకే ఈ పేరు వచ్చిందని చెబుతారు. కిరాణా, మసాలా దినుసులు, డ్రై ఫ్రూట్స్, స్టీలు ఇత్తడి సామాను, పూజా సామగ్రి, చేపలు ఇలా గల్లీకి ఒక వ్యాపారం. జిల్లాల నుండి చిన్న దుకాణదారులు వచ్చి సరుకు కట్టించుకుని పోతారు.

ఇప్పుడు మనం ఒక పని చేద్దాం. ఈ బజారు రోడ్డును వెడల్పు చేయాలన్న ప్రతిపాదన వచ్చిందనుకుందాం. ఇది కల్పిత ఉదాహరణే, కానీ పాత నగరంలో ఎక్కడైనా రాగల ప్రతిపాదన. మల్గీ యజమానికి ముందు భాగం పోతుంది. దానికి బదులుగా నష్టపరిహారమో, అభివృద్ధి హక్కుల బదిలీ పత్రమో (దీన్నే టీడీఆర్ అంటారు) వస్తుంది. ఆ మల్గీలో ముప్పై ఏళ్లుగా కిరాయికి ఉంటున్న వ్యాపారికి ఆ పత్రం రాదు. మిగిలిన ముక్కలో దుకాణం నడవకపోతే ఆయన వెళ్లిపోవాలి. మెట్ల పక్కన నిమ్మకాయలు, పూలు పెట్టుకుని కూర్చునే ఆమెకు మెట్టే ఉండదు. తోపుడు బండి మీద బస్తాలు లాగే హమాలీకి మాత్రం రోడ్డు వెడల్పయితే కొంత సుఖం; అయితే డీసీఎం నేరుగా గోదాము గుమ్మం దాకా వచ్చేస్తే ఆ సుఖంతో పాటు కూలీ కూడా తగ్గుతుంది. పై అంతస్తులో కాపురం ఉంటున్న కుటుంబానికి ఇంకో లెక్క ఉంటుంది.

వీరందరిలో 'ప్రజలు' ఎవరు? ఆర్న్‌స్టీన్ నిచ్చెన ఎంత ఎత్తు ఎక్కారో కొలుస్తుంది; ఎక్కినది ఎవరో చెప్పదు. న్యాయంగా చెప్పాలంటే ఈ లోపాన్ని ఆమే గుర్తించారు. అధికారం ఉన్నవారిని ఒక ముద్దగా, లేనివారిని ఇంకో ముద్దగా చూపడం సరళీకరణ అనీ, రెండు వైపులా లోపల తేడాలు ఉంటాయనీ వ్యాసంలోనే ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారే గానీ నిచ్చెన ఆకారం మార్చలేదు. ఆమె చూసిన అమెరికా వాడల్లో ఇంటి చుట్టూ అల్లుకున్న సముదాయాలు ఉండేవి కాబట్టి ఆ సరళీకరణ కొంతవరకు చెల్లింది. పగలు వేలమంది పనిచేసి, రాత్రికి వేరే వేరే బస్తీలకు వెళ్లిపోయే బజారులో అది చెల్లదు.

దీనికి ఒక నిజమైన సాక్ష్యం కరోనా కాలంలో దొరుకుతుంది. 2020 జూన్ చివరిలో కేసులు పెరిగినప్పుడు బేగం బజార్ వర్తకులు ప్రభుత్వం ఆదేశించకముందే తమంతట తాము దుకాణాలు మూసుకున్నారు. 2021 ఏప్రిల్‌లో వేళలు తగ్గించుకున్నారు. నిచ్చెన మీద ఇది ఎనిమిదో మెట్టు: పౌరులే నిర్ణయించి, పౌరులే అమలు చేశారు. ప్రాణాలు కాపాడే నిర్ణయమే, సందేహం లేదు. అయినా దుకాణం మూసిన రోజు బస్తాకు ఇంతని కూలి తీసుకునే హమాలీకి రాబడి సున్నా. ఎనిమిదో మెట్టు మీద కూడా ఎవరో ఒకరి తరఫున ఇంకెవరో నిర్ణయం తీసుకోగలరన్న సంగతి ఇక్కడ గమనించండి.

నివాసమే ఆధారమైన చట్టం

మన రాజ్యాంగంలో కూడా ఇదే పరిమితి కనిపిస్తుంది. 1993 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన 74వ సవరణ పట్టణ ప్రణాళికను పన్నెండో షెడ్యూలులో మొదటి అంశంగా చేర్చింది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా గల నగరాలలో వార్డు కమిటీలు ఉండాలని 243-ఎస్ అధికరణ చెబుతుంది. గొప్ప సవరణే. అయితే వార్డు అంటే ఓటర్ల జాబితా. బేగం బజార్ వార్డులో ఓటు ఉన్నవారు బేగం బజార్ ప్రజలు. అక్కడే జీవితమంతా మోత మోసి, ఓటు మాత్రం మరో బస్తీలో ఉన్న హమాలీ ఈ లెక్కలో బయటివాడు. ఆస్తి ఇక్కడ, కాపురం జూబ్లీహిల్స్‌లో ఉన్న యజమాని కూడా బయటివాడే అనవచ్చు, కానీ ఆయన మాట చేరవలసిన చోటికి చేరే దారులు వేరే ఉంటాయి.

హైదరాబాద్‌కు ఈ విషయంలో మంచి చరిత్ర లేకపోలేదు. 1967లో నగరపాలక సంస్థలో మొదలైన అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రాజెక్టు దేశంలోనే పేరు తెచ్చుకుంది. తరువాత యూనిసెఫ్, ఆపైన బ్రిటిష్ ప్రభుత్వ సహాయం దానికి అందాయి. కొద్దిమంది సిబ్బంది బస్తీలలో తిరిగి, మహిళా మండళ్లు, యువజన సంఘాలు ఏర్పడేలా చూసి, ఏ పని ముందు కావాలో బస్తీవాళ్లనే అడిగి, ఖర్చులో కొంత వాళ్లే భరించేలా చేశారు. ఇళ్లు కట్టుకునే పథకాలలో కూడా ఇదే పద్ధతి నడిచింది. నా అంచనాలో ఆ కాలంలో మన నగరంలో జరిగిన ప్రణాళికా ప్రయోగాలలో ఇది మేలైనది. కానీ అది కూడా ఇంటిని, బస్తీని ఆధారం చేసుకున్నదే. పని జరిగే చోటును ఒక సముదాయంగా అది చూడలేదు.

మరి కొంచెం వెనక్కి వెళితే, 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. విశాలమైన రోడ్లు, పత్తర్‌గట్టి దుకాణాల వరుస ఆ బోర్డు పనితనానికి గుర్తులు. వాటి అందాన్ని ఈ రోజుకూ మెచ్చుకుంటాం. కూల్చిన ఇరుకు ఇళ్లవాళ్లను నక్షా గీసేముందు అడగాలన్న ఆలోచన మాత్రం ఆ కాలపు పాలనలో లేదు.

అదే దశకంలో ప్యాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లండ్ పండితుడు మన దేశంలో నగరం నుండి నగరానికి తిరుగుతున్నాడు. ఇరుకు వాడను మొత్తం కూల్చి రోడ్డు వేయడం తప్పని, ఒక్కొక్క ఇంటినీ నడిచి చూసి, అవసరమైన చోట మాత్రమే కత్తి పెట్టాలని ఆయన వాదించాడు. 1915లో మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాలపై రాసిన నివేదికలలో దీన్నే పరిరక్షక శస్త్రచికిత్స అన్నాడు. ఇందోర్‌లో ఆయన చేసిన పని ఒకటి చెప్పుకోదగినది. ప్లేగు భయంతో ఉన్న ఆ ఊరిలో పండుగ ఊరేగింపు ఎప్పుడూ పోయే దారిన పోదనీ, ఏ వీధులవాళ్లు ఇళ్లు బాగుచేసుకుని శుభ్రంగా ఉంచుకుంటారో ఆ వీధుల్లోనే పోతుందనీ చాటించాడు. ఊరంతా చీపుర్లు పట్టింది. ఆర్న్‌స్టీన్‌ను అడిగితే దీనిని అడుగు మెట్టు మీద పెడతారేమో! దారి నిర్ణయించినది ఆయన, ఊడ్చినది జనం. అయినా వీధిని వీధిగా, అందులో ఉన్నవాళ్లందరితో కలిపి చూసిన దృష్టి గెడ్డెస్‌లో ఉంది. నిచ్చెనలో ఆ దృష్టి లేదు.

సుల్తాన్ బజార్ ఉదాహరణ

బేగం బజార్‌కు కాస్త దూరంలోనే, కోఠి పక్కన సుల్తాన్ బజార్ ఉంది. మెట్రో రైలు ఆ ఇరుకు బజారు మీదుగా పోతుందని తెలిసినప్పుడు అక్కడి వ్యాపారులు ఏళ్ల తరబడి పోరాడారు. 2014లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ఆ దారి మార్చే ఆలోచన చేసింది కూడా. చివరకు పాత దారే ఖాయమైంది. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్, ఎంజీబీఎస్ మధ్య రైలు ప్రారంభమైంది. ఇప్పుడు ఆ బజారు నెత్తిన వంతెన ఉంది. ఇక్కడ వ్యాపారుల గొంతు వినబడలేదని అనలేం. ముఖ్యమంత్రి స్థాయిలో వినబడింది. విని, కొంతకాలం ఆగి, మొదటి నిర్ణయానికే తిరిగి వచ్చారు. నిచ్చెన మీద ఇది ఐదో మెట్టు. ఇక ఆ గొంతులో కూడా చర్చంతా దారి మారుతుందా, దుకాణం పోతుందా అనే రెండు మాటల చుట్టూ తిరిగింది. రోడ్డు మీద గాజులు, రిబ్బన్లు, బట్టలు అమ్ముకునేవాళ్లకు స్తంభాల మధ్య చోటు ఎలా ఉండాలన్నది ప్రణాళికలో ముఖ్య ప్రశ్న కాలేకపోయింది.

పని ఆధారంగా లెక్కించే చట్టాలు

మన చట్టాలలో ఈ చిక్కును కొంత గుర్తించినవి ఉన్నాయి. 2013 నాటి భూసేకరణ చట్టం భూమి లేకపోయినా, మూడేళ్లుగా ఆ చోటు మీద ఆధారపడి ముఖ్య జీవనోపాధి పొందుతున్న కుటుంబాన్ని కూడా 'బాధిత కుటుంబం'గా లెక్కిస్తుంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఇంకొంచెం ముందుకు పోయింది. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి. వారిలో మూడో వంతు మహిళలు. సర్వే పూర్తయి, గుర్తింపు పత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించరాదు. ఎక్కడ నివసిస్తున్నావని కాకుండా ఎక్కడ అమ్ముకుంటున్నావని అడిగి కుర్చీ ఇచ్చిన చట్టం ఇది. బజారుకు సరిపోయే భాగస్వామ్యపు బీజం వార్డు కమిటీలో కంటే ఇందులోనే ఎక్కువ ఉందని నా అభిప్రాయం.

దీనిలోనూ హమాలీ లేడు. అతడు వ్యాపారి కాదు, వీధి వ్యాపారి కూడా కాదు. కార్మిక చట్టానికి మాత్రం అతడు కనిపిస్తాడు: 1976లోనే ముఠా, జట్టు, హమాలీ కార్మికుల కోసం మన రాష్ట్రంలో ప్రత్యేక చట్టం వచ్చింది. బండి ఎక్కడ ఆపాలి, బస్తాలు ఎక్కడ దించాలి, ఏ మలుపు దగ్గర చక్రం ఇరుక్కుంటుంది అన్నవి అతడికి తెలిసినంతగా ఇంజనీరుకు తెలియవు. ఆ తెలివిని నక్షా మీదికి తెచ్చే కమిటీ ఏ చట్టంలోనూ లేదు.

అభ్యాసం: మీ ఊరి మార్కెట్‌కు ఒక ఉదయం వెళ్లి, ఒకే గల్లీలో యజమాని, కిరాయిదారు, గుమస్తా, హమాలీ, వీధి వ్యాపారి ఒక్కొక్కరిని 'ఈ గల్లీలో మొదట బాగు చేయవలసినది ఏది?' అని అడగండి. జవాబులను పక్కపక్కన రాసి, అవి ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ ఢీకొంటున్నాయో గుర్తించండి. అందరి జవాబూ ఒకటే వస్తే, ఇంకా ఎవరినో అడగడం మరిచిపోయారేమో చూసుకోండి.

చాక్నవాడి నాలా

ఇదంతా పరీక్ష కోసం చదివే చర్చ మాత్రమే అనుకోకుండా ఉండటానికి ఒక సంఘటన. బేగం బజార్‌కు ఆనుకునే ఉన్న గోషామహల్ చాక్నవాడిలో 2022 డిసెంబరు 23న నాలా మీది రోడ్డు ఉన్నట్టుండి కూలిపోయింది. ఆ రోజు శుక్రవారం, అక్కడ అంగడి నడుస్తోంది. తోపుడు బండ్లు, వాహనాలు, కూరగాయలు నాలాలో పడ్డాయి. కొందరికి దెబ్బలు తగిలాయి. నాలా పైకప్పు మీద బజారు జరుగుతోందన్న సంగతి కొత్తగా బయటపడినదేమీ కాదు. ఆ కప్పు మీద వారం వారం బరువు పెట్టి కూర్చునేవారు కింద నీటి చప్పుడు వింటూనే ఉంటారు. వార్డు కమిటీ పిలిచినా వాళ్లను పిలవదు, వాళ్ల ఓట్లు అక్కడ ఉండాలని లేదు. వీధి వ్యాపారుల చట్టం వాళ్లను లెక్కించగలదు. అయితే వారానికి ఒక్క పూట అక్కడ కూర్చునేవాళ్ల పేరు జాబితాలో ఎక్కాలంటే, సర్వే చేసేవాళ్లు వచ్చే రోజు శుక్రవారం అయి ఉండాలి.