బాగున్నావేటి, బాగున్నారా

స్పానిష్ నేర్చుకుంటున్న మా మేనకోడలు మొన్న పండక్కి వచ్చినప్పుడు, ఆ భాషలో తనని అన్నిటికన్నా తికమక పెడుతున్నది పలకరింపేనంది. చనువున్నవాళ్లని ‘కోమో ఎస్తాస్’ అనాలట, మర్యాద ఇవ్వాల్సినవాళ్లని ‘కోమో ఎస్తా’ అనాలట. మనం బాగున్నావా, బాగున్నారా అన్నట్టే. ఎవరిని ఏమనాలన్నదే చిక్కు. పుస్తకంలో సూత్రం దేశం దాటితే మారిపోతుంది. కొలంబియాలో బొగొతా వైపు అన్నదమ్ములూ, ఆలుమగలూ కూడా మర్యాద రూపమైన ‘ఉస్తెద్’తోనే మాట్లాడుకుంటారు. కోస్టారికాలో పసిపిల్లల్ని కూడా ఆ మాటతోనే ముద్దు చేస్తారు.

మా శ్రీకాకుళం ఊళ్లలో ఇదే తిరగేసి కనిపిస్తుంది. వ్యవసాయం చేసుకునే ఇళ్లలో అయ్యనైనా తాతనైనా ‘నువ్వు’ అనే అంటారు. “మా అయ్య సంతకెల్లినాడు” అని కొడుకు చెబితే అందులో ఎవరికీ లోటు కనిపించదు. దారిలో ఎదురుపడితే నమస్కారం పెట్టేవాళ్లు తక్కువ. ప్రశ్న వేస్తారు. “ఏటి మావా, ఎక్కడికెల్తన్నావు?” “బాగున్నావేటి చిన్నమ్మా?” జవాబు కోసం నిలబడతారు కూడా. వాళ్ల గౌరవమంతా ఆ మావా, చిన్నమ్మా అనే వరసలో ఉంటుంది. వరస తీసేసి ఒట్టి నువ్వు అని చూడండి, తగువే.

దూరపు జిల్లాలనుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్లు కొందరు దీన్ని మొరటుతనం అనుకుంటారు. నాకు కష్టంగా ఉంటుంది.

అలాగని ఈ నేల మీద వినిపించే ప్రతి ‘నువ్వు’నీ నేను వెనకేసుకురాను. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు. 1897లో అచ్చయింది, 1909లో బాగా పెంచి మళ్లీ వేశారు. జనం నోట్లో ఉన్న భాషే రాశారు గనక ఆనాటి పిలుపులన్నీ అందులో దొరుకుతాయి: తమరు, మీరు, నువ్వు, ఒరే. అగ్నిహోత్రావధాన్లు ‘గారు’. లుబ్ధావధాన్లు ఇంట్లో పనిచేసే అసిరి ‘గాడు’. ఈ తేడా నాటకంతో ఆగిపోలేదు. తల నెరిసిన మనిషి “దండాలు బాబూ” అంటే పదేళ్ల పిల్లాడు “ఏరా” అని పలికిన వీధులు నా చిన్నప్పుడు ఉన్నాయి. ఆ ‘ఏరా’ని అనిపించింది కులం. మావని నువ్వు అంటే మావ కూడా నన్ను నువ్వే అంటాడు. ఆ పెద్దమనిషికి మాత్రం తిరిగి అనే దారి లేదు. 1960లో రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ యూరప్ భాషల మీద రాసిన పేరున్న వ్యాసం కూడా ఇక్కడే వేలు పెట్టింది: పిలుపు రెండువైపులా ఒకటేనా, ఒకవైపే కిందికి దిగుతోందా అన్నది చూడమంది.

మా వైపు ఈ ఇరకాటం తప్పించే పిలుపు ఒకటుంది, మాస్టారు. పలకా బలపం ఎరగని మనిషిని కూడా మాస్టారూ అని పిలిస్తే చెల్లిపోతుంది. కథకుడు కాళీపట్నం రామారావు నిజంగానే బడిపంతులు. 1997లో శ్రీకాకుళంలో కథల గ్రంథాలయం ‘కథానిలయం’ పెట్టి, 2021లో పోయేదాకా, ఆ తరవాతా కూడా, అందరికీ కారా మాస్టారే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పటినుంచి పాతికేళ్ల కుర్రాళ్లూ అమ్మాయిలూ పరాయి ఊళ్లలో బల్ల వెనక కూచుంటున్నారు. కాగితం పట్టుకొచ్చిన ముసలామె “నాయనా, ఇదేటో సూడు” అని చనువుగా అంటుంది. ఆమెని తిరిగి నువ్వు అనొచ్చా? అనకూడదనే నేనంటాను. ఆమె పని ఈ పిల్లల చేతిలో ఉంది. ఆమె వరస వీళ్లకి తెలీదు. కులం కూడా తెలియక్కర్లేదు. “కూచోండమ్మా, చెప్పండి” అని మొదలుపెట్టాలి. స్పెయిన్‌లో కూడా పాత మర్యాద ప్రకారం చనువుకి పిలవాల్సింది పెద్దవాళ్లే. ఆమె “నన్ను మీరంటన్నావేటి బాబూ, మీ అమ్మమ్మలాటిదాన్ని” అని కోప్పడిందనుకోండి, అప్పుడు మారొచ్చు. “సరే అమ్మమ్మా, ఇదిగో, ఇక్కడ వేలిముద్ర వెయ్యి.”