మగ్గమెక్కక ముందే

పుట్టపాకలోనైనా పోచంపల్లిలోనైనా నేత కన్నా చిటికి కట్టే పనే నాకు ఎక్కువ ముచ్చట. నూలుకు రబ్బరు పట్టీలు చుట్టి రంగులో ముంచే నాటికే చీర సంగతి తేలిపోతుంది. మగ్గం మీద కొత్తగా కనిపెట్టేదేమీ ఉండదు. అంతటి ముందుచూపు నేను చూసిన ప్రోగ్రామింగ్ లైబ్రరీ లిబ్‌వర్ట్.

ఒకే కంప్యూటర్లో నడిచే పలు వర్చువల్ మెషిన్ల మీద అజమాయిషీ దాని పని. 2005లో రెడ్‌హ్యాట్‌లో డేనియల్ వెయ్యార్ దీన్ని జెన్ అనే హైపర్‌వైజర్ (వర్చువల్ మెషిన్లను నడిపే సాఫ్ట్‌వేర్) కోసం మొదలుపెట్టాడు. ఎక్స్‌ఎంఎల్ చదివే లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 రాసిందీ ఆయనే. అందుకే కాబోలు, ఇక్కడ మెషిన్‌ను ఎక్స్‌ఎంఎల్‌లో వర్ణిస్తాం.

పేరు, మెమరీ, రెండు సీపీయూలు, ఓ డిస్కు, ఓ నెట్‌వర్క్ కార్డు. ఈ ఐదు ముక్కలు రాసి 'డిఫైన్' కొట్టండి. ఆ తర్వాత 'డంప్‌ఎక్స్‌ఎంఎల్' అడిగితే మీరు రాసిందానికి ఎన్నో రెట్లు తిరిగొస్తుంది. మీరు చెప్పని యూయూఐడీ (మెషిన్ గుర్తింపు సంఖ్య) ఉంటుంది. కార్డుకు 52:54:00తో మొదలయ్యే మ్యాక్ అడ్రస్ ఉంటుంది. పరికరాలకు పీసీఐ స్లాట్లు ఖరారై ఉంటాయి. మెషిన్ రకం ఉత్త 'క్యూ35' అని వదిలేస్తే పక్కన వెర్షన్ నంబరు చేరి ఉంటుంది. ఇంతా చేసి మెషిన్ ఇంకా స్టార్ట్ కాలేదు! రేపు కింద మెషిన్‌ను నడిపే క్యూఈఎంయూ మారినా, లోపలి విండోస్‌కో లైనక్స్‌కో తన హార్డ్‌వేర్ మారినట్టు తెలియకూడదు, అదీ పట్టుదల. చదివిన ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది.

కింద జెన్ ఉన్నా, కేవీఎం ఉన్నా, ఎల్‌ఎక్స్‌సీ కంటైనర్లున్నా పైనుంచి పిలిచే పిలుపు ఒక్కటే. మెషిన్‌ను ఇంకో సర్వర్‌కు పంపే 'విర్‌డొమైన్‌మైగ్రేట్' చాలకపోతే రెండోది రాశారు, అదీ చాలకపోతే మూడోది. పాతదాన్ని మాత్రం తీసెయ్యలేదు. ఎప్పుడో ఎవరో రాసుకున్న ప్రోగ్రామ్ పొట్ట కొట్టడం లిబ్‌వర్ట్ రాసేవాళ్లకు చేతకాదు.

మచ్చలు లేవనను. ఎక్స్‌ఎంఎల్ కంటికి ఇంపుగా ఉండదు. 'డెస్ట్రాయ్' అనే ఆజ్ఞ చూస్తే గుండె గుభేలుమంటుంది. తీరా అది చేసేది కరెంటు పీకడమే, డిఫైన్ చేసిన మెషిన్ డిస్కూ వివరాలూ పదిలంగానే ఉంటాయి.

నల్లగొండ, పాలమూరు ఇంజనీరింగ్ పిల్లలూ, దీనికి పెద్ద సర్వర్ అక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్, లిబ్‌వర్ట్ వేసుకుని దాని కమాండ్ పనిముట్టు 'వర్ష్'ను టెస్ట్ డ్రైవర్‌కు కలపండి. హైపర్‌వైజర్ లేకుండానే 'టెస్ట్' అనే ఉత్తుత్తి మెషిన్ నడుస్తూ కనిపిస్తుంది. దాన్ని ఎన్నిసార్లు ఆపినా, చెరిపినా పైసా నష్టం లేదు.