పిండి వేగేదాకా

అమెరికాలోని లూసియానా వంట అనగానే చాలామందికి కారమే గుర్తొస్తుంది. సీసాలో ఎర్రటి సాసు, ‘కేజన్’ అని ముద్రేసిన మసాలా పొట్లం, పెనం మీద నల్లగా కాల్చిన చేప. నిజానికి ఆ నల్ల చేప పాతకాలపు వంటకమేమీ కాదు. 1979లో న్యూ ఓర్లీన్స్‌లో హోటల్ తెరిచిన పాల్ ప్రుడోమ్ చేతిలో దానికి పేరొచ్చింది. జనం ఎంతగా ఎగబడ్డారంటే, చివరికి రెడ్‌ఫిష్ వేట మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. రుచైన వంటే, కాదనను. కానీ అక్కడి ఇళ్లలో తరతరాలుగా ఉడుకుతున్న గంబో అనే పులుసుకి ప్రాణం కారం కాదు, నూనెలో పిండిని వేయించే ఓపిక. అలా వేగిన పిండినే ‘రూ’ అంటారు.

రూకి కావలసినవి రెండే: మైదా, నూనె. రెండూ సమపాళ్లలో. మందపాటి ఇనప గిన్నెలో నూనె కాగాక పిండి వేసి, ఓ మోస్తరు మంట మీద చెక్క గరిటెతో కలుపుతూనే ఉండాలి. మొదట తెల్లటి ముద్దే, పచ్చిపిండి వాసనే. కాసేపటికి ఆ వాసన పోయి, బేకరీ ముందు నుంచి నడిచినప్పటి కమ్మదనం లేస్తుంది. తర్వాత వేరుశనగ ముద్ద రంగు, ఆపైన రాగి రంగు, చివరికి చాక్లెట్ రంగు. ఈలోగా ముద్ద పలచబడి గరిటె తేలిగ్గా తిరుగుతుంది. ముదురు రంగు రావడానికి ముప్పావు గంట పట్టొచ్చు. అంతసేపూ ఫోన్ మోగినా, వాకిట్లో ఎవరు పిలిచినా గరిటె ఆపడానికి లేదు. నల్ల చుక్కలు కనబడ్డాయా, పారబోసి మళ్లీ మొదలెట్టడమే. కొంచెం మాడినా ఆ చేదు కుండంతా పాకుతుంది.

పిండి ముదిరేకొద్దీ అందులోని గంజి విరిగిపోయి, చిక్కబరిచే శక్తి తగ్గుతుంది. దానికి బదులు రుచి లోతెక్కుతుంది. ఫ్రెంచి వంటవాళ్లు సాసుల చిక్కదనం కోసం చేసుకునే రూని లూసియానా ఇల్లాళ్లు రుచి కోసం వాడుకున్నారు. ఈ వంటలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ మలుపే.

రంగు కుదరగానే ఉల్లిపాయ ముక్కలు గుమ్మరిస్తారు. చుయ్యిమంటూ ఉల్లిలోని నీరు వేడిని లాగేసి, పిండి ఇంకా ముదరకుండా ఆపుతుంది. వెంటనే సెలరీ కాడలు, పచ్చ క్యాప్సికం. ఈ మూడింటినీ అక్కడ ‘హోలీ ట్రినిటీ’ అంటారు. ఆపైన కోడి ఉడికిన నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలిపి, ‘ఆందూయ్’ అనే పొగబెట్టిన పంది సాసేజ్, కోడి ముక్కలు వేసి, సన్నటి సెగ మీద గంటా రెండు గంటలు వదిలేస్తారు. పైకి తేలిన నూనె తీసేసి, వేడి అన్నం మీద పోసుకుంటారు.

ముదురు రూ చిక్కదనం తక్కువ ఇస్తుంది కనుక కొందరు బెండకాయ వేస్తారు. అది ఆఫ్రికా నుంచి వచ్చింది. 1719 నుంచి ఓడల్లో బానిసలుగా తెచ్చిన పశ్చిమాఫ్రికా జనానికి బెండ, వరి రెండూ చిరపరిచితాలు. జిగట విరగడానికి మనం బెండకాయ పులుసులో చింతపండు పోసినట్టే, అక్కడివాళ్లు బెండ ముక్కల్ని టమాటాతోనో, కాస్త వెనిగర్‌తోనో ముందే బాగా మగ్గబెడతారు. బెండ వద్దనుకుంటే ‘ఫీలే’ ఉంది. సాసఫ్రాస్ చెట్టు ఆకుల్ని ఎండబెట్టి కొట్టిన ఈ పొడి చోక్తా అనే ఆదివాసులు నేర్పినది. కుండ దించాకే చల్లాలి, మరిగితే తీగలు సాగుతుంది.

కేజన్లు 1755లో బ్రిటిషు సైన్యం కెనడా తీరంలోని అకేడియా నుంచి తరిమేసిన ఫ్రెంచి రైతుల సంతతి. బతుకుతెరువు వెతుక్కుంటూ లూసియానా చిత్తడి నేలలకు, పచ్చిక మైదానాలకు చేరారు. ఒక్క కుండలో ఇల్లంతటికీ సరిపడా వండుకోవడం వాళ్లకు అవసరం. న్యూ ఓర్లీన్స్ నగరపు క్రియోల్ వంటలో ఫ్రెంచి, స్పానిష్, ఆఫ్రికన్ చేతులు కలిశాయి. టమాటా, వెన్న, పీతలు, రొయ్యలు అక్కడ ఎక్కువ. అయితే ఈ గీత మరీ గట్టిగా గీయలేం, ఇంటింటికీ ఓ పద్ధతి.

ఆ నగరపు వంటింటి విద్యను పుస్తకంలోకి ఎక్కించినవారిలో లీనా రిచర్డ్ పేరు మొదటి వరసలో ఉండాలి. వర్ణవివక్ష చట్టాలు రాజ్యమేలుతున్న 1939లో ఈ నల్లజాతి మహిళ తన వంటల పుస్తకాన్ని సొంతంగా అచ్చేయించింది. 1949లో స్థానిక టీవీలో వంట చేసి చూపించింది. ఆమె తర్వాతి తరంలో లేయా చేస్ ఏటా ఈస్టర్ ముందు గురువారం నాడు, రకరకాల ఆకుకూరలు బేసి సంఖ్యలో చేర్చి ‘గంబో జేర్బ్’ వండిపెట్టేది. 2019లో కన్నుమూసేదాకా వంటిల్లే ఆమె లోకం.

మన ఊళ్లలో ఆందూయ్ దొరకడం కష్టం. ఒట్టి కోడితోనో రొయ్యలతోనో చేసుకోవచ్చు. రొయ్యలైతే చివరి ఐదు నిమిషాల్లోనే వేయండి. మసాలా తగ్గినా పర్వాలేదు గానీ పిండిని మాత్రం తొందరపడి దించకండి. మర్నాటికి రుచి ఇంకా ఊరుతుంది కనుక ఓ పూటకు ఎక్కువే వండండి.