చోర్టెన్‌కు కుడిచెయ్యి

హిమాలయ దారుల్లో ఊరి పొలిమేరలో ముందుగా కనబడేది చోర్టెన్. లద్దాఖ్‌లో, భూటాన్‌లో, నేపాల్‌లోని షెర్పా గ్రామాల్లో స్తూపాన్ని పిలిచే పేరు ఇది. టిబెటన్ భాషలో ఆ మాటకు పూజకు ఆధారమని అర్థం. లోపల గురువుల అస్థికలో, మంత్రాలు రాసిన కాగితపు చుట్టలో, ‘త్సాత్సా’ అనే చిన్న మట్టి అచ్చులో ఉంటాయి. చనిపోయినవారి చితాభస్మాన్ని మట్టిలో కలిపి త్సాత్సాలు చేయడమూ ఉంది.

చోర్టెన్ రూపంలో పంచభూతాలను చూస్తారు. చదరపు పీఠం భూమి, గుమ్మటం నీరు, 13 వలయాల శిఖరం అగ్ని, గొడుగు గాలి, కొన ఆకాశం. దేహం చివరికి కలిసేది వీటిలోనే కనుక స్మారకానికి ఇంతకన్నా తగిన రూపం లేదు.

ఈ రూపం మైదానాల నుంచే కొండలకెక్కింది. అమరావతి మహాస్తూపమున్న ధాన్యకటకంలో బుద్ధుడు కాలచక్ర తంత్రం బోధించాడని టిబెటన్ల నమ్మకం. లాసా దగ్గర 1416లో స్థాపించిన డ్రెపుంగ్ మఠం పేరు ధాన్యకటకానికి టిబెటన్ రూపమే. 2006లో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చారు.

బాటసారి పాటించవలసిన ముఖ్య నియమం: చోర్టెన్ ఎప్పుడూ కుడిచేతి వైపు ఉండాలి. మంత్రాక్షరాలు చెక్కిన రాళ్లు పేర్చిన మణి గోడలకూ ఇదే వరస. అందుకే వాటి దగ్గర బాట రెండుగా చీలుతుంది. వెళ్లేటప్పుడు ఒక పక్క, తిరిగి వచ్చేటప్పుడు రెండో పక్క. రాకపోకలు రెండూ కలిస్తే ఒక ప్రదక్షిణ. చోర్టెన్ మీదికి ఎక్కకూడదు, మణి రాయిని గుర్తుగా తెచ్చుకోకూడదు.

స్మారకంగానే కట్టినవి కొన్ని ఉన్నాయి. 1972లో మరణించిన భూటాన్ రాజు జిగ్మే దోర్జీ వాంగ్‌చుక్ జ్ఞాపకార్థం 1974లో థింఫులో కట్టిన చోర్టెన్‌లో అస్థికలు లేవు, ఆయన చిత్రపటం ఉంది. దాని చుట్టూ జపమాలలతో తిరిగే వృద్ధులు ప్రతిరోజూ కనిపిస్తారు. థింఫు నుంచి పునాఖా వెళ్లే దారిలో, సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉన్న దోచులా కనుమలో 108 చోర్టెన్లు బారులు తీరి ఉంటాయి. 2003 డిసెంబరులో తిరుగుబాటుదారుల శిబిరాలపై జరిగిన పోరులో ప్రాణాలిచ్చిన భూటాన్ సైనికుల కోసం రాజమాత ఆషి దోర్జీ వాంగ్మో వాంగ్‌చుక్ వాటిని కట్టించారు. జపమాలలోని పూసల సంఖ్యా 108.

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారిలో, 4,800 మీటర్లకు పైన, తుక్లా కనుమ వస్తుంది. అక్కడ రంగుల ప్రార్థనా పతాకాలు కట్టిన రాతి స్మారకాలు ఎన్నో. 1999లో ఆక్సిజన్ లేకుండా ఎవరెస్ట్ శిఖరంపై 21 గంటలు గడిపి, 2001లో అదే కొండపై మంచు పగులులో పడి మరణించిన బాబు చిరి షెర్పా స్మారకం అక్కడిదే. ఆ రాళ్లు గుర్తుచేసే వారి ప్రదక్షిణ సగంలోనే ఆగింది. క్షేమంగా కిందికి దిగేవారు రెండో పక్క నుంచి నడిచి మిగతా సగం పూర్తి చేస్తారు.